పాండురంగం అడిగిన గది

శేషాచలం గురువుగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు జంకేవారు. ఆయన కోప్పడతారని కాదు, ఇంటికి వస్తారని. కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామంలో తెలుగు పండితుడిగా పనిచేసి, ఉద్యోగం అయిపోయాక అక్కడే ఒక పెంకుటింట్లో స్థిరపడి, ఆదివారం ఆదివారం అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పేవారు. శ్లోకానికి అర్థం అడిగితే అక్కడికక్కడే విప్పేవారు. బతుక్కి సంబంధించిన సంగతి అడిగితే మాత్రం, "ఈ ప్రశ్న నా అరుగు మీద పుట్టింది కాదు కదా నాయనా, పుట్టిన చోటు చూస్తే గానీ నాకు అర్థం కాదు" అని సంచీ సర్దుకుని శిష్యుడి ఇంటికి బయలుదేరేవారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన ఒక బియ్యం వ్యాపారి ఇంట్లో ఆయన రెండు రోజులుండి, పూటపూటా కూరకి వంకలు పెట్టారట. వ్యాపారి ఉండబట్టలేక "బాగానే ఉంది కదండీ" అంటూ జన్మలో మొదటిసారి భార్య వంటని వెనకేసుకొచ్చాడు. గురువుగారు ఇంకేమీ చెప్పకుండానే తిరిగొచ్చేశారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో కంచాలు ఎగరడం మానాయని చెప్పుకుంటారు.

ఇదంతా తెలిసి కూడా ఒక ఆదివారం పాండురంగం నోరు విప్పాడు. రేపల్లెలో ఎరువుల కొట్టు నడిపే మనిషి. ఆకు చూసి తెగులు చెప్పేవాడు, మట్టి నలిపి మందు చెప్పేవాడు. రైతుల సందేహాలు తీర్చడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. సొంత సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంతకాలంగా ఆయనకి కాలూ చేయీ ఆడడం లేదు.

"గురువుగారూ, ఫ్లాట్ కొనమంటారా, స్థలం తీసుకుని ఇల్లు కట్టమంటారా, ఉన్న ఇంటికే ఇంకో పడకగది వెయ్యమంటారా?" అని అడిగాడు.

అరుగు మీద ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతకుముందే ఎవరో జీవుడికీ దేవుడికీ భేదం అడిగి ఉన్నారు. దాని వెనకే ఈ ఫ్లాటు వచ్చి పడింది. గురువుగారు మాత్రం నవ్వలేదు. "గది ఎవరికోసం?" అన్నారు.

"మా అక్కకోసమండీ" అని పాండురంగం తల వంచుకున్నాడు.

ఆ అక్క పేరు వర్ధనమ్మ. పాండురంగం పాకే వయసులో తల్లి పోతే, ఓణీలు వేసుకునే ఆ పిల్లే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళై అత్తారింటికి వెళ్తూ కూడా దింపలేదు. పెట్టె ఒక చేత్తో, తమ్ముడు ఒక చేత్తో పొన్నూరులో బండి దిగింది. అత్తగారు ముఖం చిట్లిస్తే, "వీడికి వేరే వండక్కర్లేదు అత్తయ్యా, నా కంచంలోది తింటాడు" అందట. అలా తిన్నవాడు చదువుకున్నాడు, కొట్టు పెట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు. వర్ధనమ్మకి పిల్లలు కలగలేదు. కిందటేడు భర్త పోయాడు. మరిది ఇంట్లో ఒక పక్కగదిలో ఉంటోంది. శ్రావణంలో ఆ మరిది కొడుక్కి పెళ్ళి. కొత్త కోడలికి గది కావాలి కదా. వర్ధనమ్మని వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. ఆవిడ కళ్ళముందే ఆ గది కొలిపించి డబుల్ కాట్ మంచానికి ఆర్డరిచ్చారు, అంతే.

బావగారి కర్మలు ముగిసిన రోజున పాండురంగం అక్క చెయ్యి పట్టుకుని, "ఇంట్లో నీకంటూ ఒక గది వేయించి తీసుకెళ్తానక్కా" అని మాటిచ్చాడు. ఉత్తుత్తి మాట కాదది, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నాడు. ఆవిడ "అలాగేరా పాండూ" అంది. ఆనాటి నుంచి ఆ గదిని పట్టుకుని ఆయన పడని పాట్లు లేవు.

మొదట పెరట్లో వేద్దామనుకుని మేస్త్రి ఏసోబుని పిలిచాడు. ఏసోబు మేకులు దిగ్గొట్టి, తాడు లాగి, తాడు వెంట సున్నంతో ముగ్గు పోశాడు. నేల మీద ఆ తెల్లగీతల మధ్య నిలబడి చూసేసరికి పాండురంగం గుండె జారిపోయింది. గదా అది! కోళ్ళగూడులా ఉంది.

"ఇదేమిటి మేస్త్రీ, ఇందులో మంచం వేస్తే మనిషి ఎక్కడ నిలబడతాడు?"

"ముగ్గులో ఏ గదైనా అంతేనండి. గోడలు లేవనీండి, ఇదే పెద్దదైపోద్ది" అన్నాడు ఏసోబు.

ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. పాండురంగం కూడా విన్నదే. కానీ విన్నది చెవి, చూస్తున్నది కన్ను. గది కాస్త జరపమన్నాడు. జరిపినా చిన్నగానే కనిపించింది. కరివేపాకు చెట్టు లోపలికొచ్చింది, బట్టలుతికే బండ లోపలికొచ్చింది, అయినా చిన్నగానే ఉంది. చివరికి ఏసోబు తాడు చుట్టేసి, "ఇంకో గజం జరిపితే పక్కింటోళ్ళ వంటింట్లో తేలతామండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. రెండు వానలకి ముగ్గు కరిగిపోయింది.

సరే, మేడ మీద వేద్దామన్నాడు. కట్టినప్పుడు పిల్లర్లు లేపలేదు కాబట్టి శ్లాబు బరువు ఆగదని ఒక ఇంజనీరు, రేకులు వేస్తే ఆగుతుందని ఇంకొకడు, రేకుల కింద మనిషి వేసవిలో వేగిపోతాడని మూడోవాడు చెప్పారు. పైగా అక్కవి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. ఫ్లాట్ చూడటానికి గుంటూరు వెళ్తే, మూడో పడకగదికి కిటికీ లేదు. ఆ అమ్మే కుర్రాడు ఏసీ పెట్టుకుంటే కిటికీతో పనేముందండీ అన్నాడు. తులసికోట ఎక్కడ పెట్టుకుంటుంది అని పాండురంగం అడిగితే కారు పార్కింగ్ చూపించాడు. ఆ తర్వాత ఆయన కొట్టుకి యూరియా కోసం వచ్చిన రైతునల్లా పట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. గదికి అటాచ్డ్ బాత్రూం ఉండాలా, విడిగా ఉంటే మంచిదా? నేల కమోడా, కుర్చీ కమోడా? అడిగితే చాలు, ఇల్లు కట్టే విషయంలో సలహా చెప్పలేనివాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. తలా ఒక మాట అన్నారు. అన్ని మాటలూ ఆయన తలలోనే కాపురం పెట్టాయి.

అన్నిటికంటే దెబ్బ తీసింది వాస్తు చూసే సిద్ధాంతి. "ఇంటి పెద్దలైతే నైరుతి గది. వచ్చిపోయేవాళ్ళైతే వాయవ్యం. మీ అక్కగారు ఇందులో ఎవరు?" అని అడిగాడాయన.

"అక్కండీ" అన్నాడు పాండురంగం.

"అక్కే లెండి. ఉండే మనిషా, వెళ్ళే మనిషా? అది తేల్చుకుని రండి, గది ఎటో నేను తేలుస్తాను."

పాండురంగం ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. సిద్ధాంతి తప్పుగా అడిగాడని కాదు. అంత చిన్న ప్రశ్నకి తన నోట ఠక్కున జవాబు ఎందుకు రాలేదో ఆయనకి అర్థం కాలేదు, అందుకని. భార్య హైమావతిని అడిగితే, "గదంటూ లేకుండా వదినగారిని తీసుకొచ్చి ఎక్కడ పడుకోబెడతామండీ? హాల్లోనా? నలుగురూ ఏమనుకుంటారు? తెస్తే గౌరవంగా తేవాలి" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. ఇద్దరికీ అక్క అంటే గౌరవమే. ఆ గౌరవమే అడ్డుపడి ఏడాది గడిచిపోయింది.

ఈలోగా మొన్న వర్ధనమ్మే ఫోన్ చేసింది. "ఒరేయ్ పాండూ, ఒంగోల్లో ఏదో కాలేజీ హాస్టల్లో వంటకి మనిషి కావాలట. భోజనం వాళ్ళదే, పడుకోవడానికి చోటు కూడా ఇస్తారట. సోమవారం నుంచి రమ్మన్నారు. నువ్వు గది గురించి హైరానా పడకు నాయనా, తీరికగా వేయించుకో" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయన్ని కాల్చేసింది. తన కంచంలో అన్నం తమ్ముడికి పెట్టిన చెయ్యి రేపు ఊరూపేరూ తెలియని పిల్లలకి గంటె తిప్పబోతోంది. ఆ సోమవారం రేపే. అందుకే ఈ ఆదివారం గురువుగారి అరుగు మీదికి పరిగెత్తుకొచ్చాడు, ఎలాగైనా ఈవేళ కొనడమో కట్టడమో తేల్చుకుని వెళ్దామని.

అంతా విని గురువుగారు, "మీ అక్కగారిని ఆ ఉద్యోగానికి మంగళవారం వస్తానని చెప్పుకోమను. నేను రేపు ఉదయం మీ ఇంటికి వస్తాను. మా ఆవిడ కూడా వస్తుంది. ఓ వారం ఉంటాం" అన్నారు.

పాండురంగానికి ఒళ్ళు పులకరించింది, ఆ వెంటనే చెమటలు పట్టాయి. గురువుగారు వస్తున్నారు! అమ్మగారు కూడా! వారం రోజులు! అక్కకి ఫోన్ చేసి మంగళవారం మాట చెప్పి బస్సెక్కాడు. బస్సులో వస్తున్నంతసేపూ ఆయన నైరుతినీ వాయవ్యాన్నీ మర్చిపోయాడు. ఇంట్లో అడుగు పెడుతూనే హైమావతికి చెప్పాడు. ఆవిడ చేతిలో గరిటె పొయ్యి మీదే వదిలేసి, "ఎక్కడ ఉంచుతామండీ?" అంది. అని, తనే ఒక నిమిషం ఆగి, "సామాన్లు తీసేస్తే?" అంది.

ఆ ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య ఒక చోటు ఉంది. దాన్ని వాళ్ళు గది అని ఎప్పుడూ అనలేదు. సామాన్లు అనేవారు. "ఆ పాత కూలర్ సామాన్లలో పడెయ్యి", "జాడీ సామాన్లలో ఉందేమో చూడు", ఇలాగన్నమాట. పనికిరావు అని తెలిసినవీ, ఎప్పుడైనా పనికొస్తాయేమో అనిపించేవీ అందులో చేరి చేరి గుమ్మం దాకా వచ్చాయి. అమ్మాయి భార్గవి చిన్నప్పటి సైకిలు, కాలిపోయిన మోటారు, తుప్పు పట్టిన మడతకుర్చీలు, చీడమందుల కంపెనీలు ఇచ్చిన కేలెండర్లు, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన గోడగడియారాలు. ఇది ఉంచాలా, పారేయాలా అని పాండురంగం ఒక్కదాని దగ్గర కూడా ఆగలేదు. కొన్ని కొట్టు గోడౌనుకి పంపించాడు, కొన్ని మేడ మీదికి ఎక్కించాడు, మిగతావి పాత ఇనుము వాడికి అప్పజెప్పాడు. హైమావతి చీర చెంగు నడుముకి దోపి బూజు దులిపింది. భార్గవి నేల కడిగింది. గోడకి ఆనించిన మంచాల పట్టెలు తీస్తే వెనక ఒక కిటికీ బయటపడింది. ఇంట్లో అలాంటి కిటికీ ఉందని ముగ్గురూ మర్చిపోయారు. రెక్కలు బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసి తెరిచారు. పెరట్లోంచి గాలి రివ్వున లోపలికి వచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మంచం, ఉతికిన దుప్పటి, మంచినీళ్ళ చెంబు, తిరుగుతున్న ఫ్యాను, అన్నీ సిద్ధం. ఆ హడావుడిలో కొలత తియ్యాలని గానీ సిద్ధాంతిని అడగాలని గానీ ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఉదయమే గురువుగారూ అమ్మగారూ దిగారు. గది చూసి గురువుగారు, "గాలి బాగుంది" అన్నారు. కాఫీ తాగి, "మీ అక్కగారిని కూడా రమ్మను పాండురంగం. నిన్ను పెంచినావిడని చూడాలనుంది" అన్నారు. పాండురంగం ఫోన్ చేశాడు. వర్ధనమ్మ అప్పటికే సంచీ సర్దుకుని ఉంది. "అలాగేరా, గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టుకుని ఇటునుంచి ఇటే సాయంత్రం బండికి ఒంగోలు వెళ్ళిపోతాను" అని మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. సంచీ గుమ్మం పక్కనే పెట్టుకుంది, మళ్ళీ ఎత్తుకోవాలి కదా అన్నట్టు.

భోజనాల్లో అక్క వడ్డించబోతే అమ్మగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. తిన్నాక ఆవిడే వర్ధనమ్మని ఆ గదిలోకి తీసుకెళ్ళి, "నాకు మధ్యాహ్నం నిద్ర అలవాటు లేదమ్మా. నువ్వు కాసేపు నడుం వాల్చు, నేను నీ తమ్ముడి భార్యతో కబుర్లు చెప్పుకుంటాను" అన్నారు. వర్ధనమ్మ మొహమాటపడి మంచం అంచున కూర్చుంది. కూర్చున్న మనిషి ఎప్పుడు ఒరిగిందో తెలియదు.

కొంతసేపటికి పాండురంగం చెంబులో నీళ్ళు మార్చడానికి లోపలికి వెళ్ళి ఆగిపోయాడు. అక్క గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతోంది. మంచానికి ఒక పక్కగా, సగం ఖాళీ వదిలి పడుకుంది. చిన్నప్పుడు పొన్నూరులో వంటింటి పక్క వసారాలో ఒక్క చాప మీద ఆవిడ అలాగే పడుకునేది, మిగతా సగం వీడిది. ఆ ఇంట్లో అప్పుడు వాడికి చోటుందా అని ఆవిడ ఎవరినీ అడగలేదు. పాండురంగానికి ఏడుపు వచ్చింది, ఎందుకొచ్చిందో తెలియలేదు. ఒంగోలు వెళ్ళిపోతోందనే అయి ఉంటుంది అనుకుని, చెంబు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాడు.

హాల్లో గురువుగారు సంచీ సర్దుతున్నారు. అమ్మగారు చెప్పులు వేసుకుంటున్నారు.

"ఇదేమిటి గురువుగారూ! వారం ఉంటామన్నారు. మావల్ల ఏమైనా లోపం జరిగిందా?" అని పాండురంగం చేతులు జోడించాడు.

"లోపమేమీ లేదు నాయనా. అంతా బాగా అమర్చారు. ఇక మేం ఉంటేనే ఇరుకు."

పాండురంగానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నిన్నంతా నడుములు విరిగేలా సర్దింది వీళ్ళకోసం కదా, ఒక్క కునుకైనా తియ్యకుండా వెళ్ళిపోవడమేమిటి! గోడగడియారం కేసి చూసి కంగారుపడి, "హైమా, అక్కని లేపవే, బండి టైమవుతోంది" అన్నాడు. హైమావతి ఆ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చింది. గుమ్మం పక్క ఉన్న వర్ధనమ్మ సంచీ కూడా అప్పటికే అక్కడ లేదు. "మీరు ముందు గురువుగారిని బస్సెక్కించి రండి" అంది, భర్త ముఖం కేసి చూడకుండా.

బస్టాండు దాకా పాండురంగం గురువుగారి సంచీ మోస్తూ వెనకే నడిచాడు. అడగనా వద్దా, అడగనా వద్దా అని దారంతా తర్జనభర్జన పడ్డాడు. గురువుగారు మార్కెట్లో వంకాయలు నవనవలాడుతున్నాయని అమ్మగారితో చెబుతూ నడుస్తున్నారు గానీ ఇంటి ఊసెత్తలేదు. బస్సు కదలబోతుంటే ఇక ఆగలేక కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"గురువుగారూ, నా ప్రశ్నకి జవాబు చెప్పనే లేదు. అక్క ఈ సాయంత్రం వెళ్ళిపోతోంది. ఏదో ఒకటి తేలితే, ఇదిగో ఇన్నాళ్ళలో గది సిద్ధం చేస్తానని ఆవిడకి ఖాయంగా చెప్పి పంపిస్తాను. కొనమంటారా, కట్టమంటారా?"

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. గురువుగారు కిటికీలోంచి తల కాస్త బయటికి పెట్టి, ఆ చేతి మీద చెయ్యి వేశారు.

"పాండురంగం, నిన్న మాకోసం ఒక్క పూటలో ఒక గది తయారు చేశావే. అది కొన్నావా, కట్టావా?"